సూదంటే కాదు, ఆ గదంటేనే భయం

కోస్తాలో ఒక జిల్లా ఆసుపత్రి. ఓపీ చీటీలిచ్చే కిటికీ దాటి, ఎక్స్‌రే గది పక్కనుంచి నడిస్తే వరండా చివర్న హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే ఐసీటీసీ ఉంటుంది. తలుపు పక్కన ఎర్ర రిబ్బను బొమ్మ, ఎదురుగా గోడకు ఆనించి ఒక బెంచీ. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఆసుపత్రికి వచ్చిపోయే వాళ్లందరి కంటా పడతారు. కొన్నేళ్ల కిందట ఒక వ్యాసం పనిమీద ఆ వరండాలో ఓ పూటంతా గడిపాను. పదిన్నర దాటాక ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ముందు నడుస్తున్నామె భుజాన గుడ్డసంచి, చేతిలో పొడుగాటి నోటుబుక్కు. వెనక వస్తున్నామె కొంగు తలమీదికి లాక్కుని నడుస్తోంది. బెంచీ ఇంకా పదడుగుల దూరం ఉండగా ఆమె ఆగిపోయింది. మందుల కౌంటరు దగ్గర వరసలో నిల్చున్న ఒక మనిషిని చూసింది. "మా వీధి ఆటో అతను అక్కా, నేను రాను" అని గొణిగి, వచ్చిన దారినే గబగబా వెళ్లిపోయింది. నోటుబుక్కు ఆమె బెంచీ మీద కూలబడింది. "మూడు నెలల నుంచి బతిమాలితే ఇవాళ బయల్దేరిందండీ. సూదంటే భయం లేదు దానికి. ఈ గదంటేనే" అంది.

ఆమె పీర్ ఎడ్యుకేటర్. సెక్స్ వర్కర్ల మధ్య పనిచేసే సంస్థలో, తనూ ఆ వృత్తిలో ఉంటూనే తోటివాళ్లకు కండోమ్‌లు అందించి, పరీక్షలకు వెంటబెట్టుకొచ్చే మనిషి. ముప్పు ఎక్కువున్నవాళ్లు హెచ్‌ఐవీ పరీక్షకు ఎందుకు రారు అన్న ప్రశ్నకు మనవాళ్లు చాలాకాలం ఒకటే జవాబు చెప్పుకున్నారు: అవగాహన లేక. ఇన్నేళ్ల అనుభవాన్ని, ఇక్కడా బయటా జరిగిన పరిశోధనలను దగ్గర పెట్టుకుని చూస్తే ఆ జవాబు నిలబడదు. వరండాలోంచి వెనుదిరిగిన ఆమెకు వ్యాధి గురించి ఆ వరసలో నిల్చున్న ఎవరికన్నా ఎక్కువే తెలుసు. ఆమె లెక్క వేసుకున్నది వేరే. ఫలితం ఏదొచ్చినా సరే, ఇక్కడ కూర్చుంటే తనెవరో సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది.

ముందు పరిమాణం చూద్దాం. 2021 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు దాదాపు 24 లక్షల మంది. వయోజనుల్లో అది 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. సంఖ్యలో చూస్తే మహారాష్ట్ర తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. కానీ సగటు అంకె అసలు సంగతిని దాచేస్తుంది. అదే ఏడాది దేశవ్యాప్తంగా జరిగిన నిఘా సర్వేలో గర్భిణుల్లో వైరస్ 0.22 శాతం మందిలో కనబడితే, సెక్స్ వర్కర్లలో 1.85, పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల్లో 3.26, హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లలో 3.78, సూదితో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లలో 9.03 శాతం మందిలో కనబడింది. జైళ్లలో 1.93, దూరప్రాంతాల లారీ డ్రైవర్లలో 1.00. ప్రపంచం మొత్తం మీద కూడా ఇప్పుడు కొత్తగా సోకుతున్నవాళ్లలో సగానికి పైగా ఇలాంటి వర్గాల వాళ్లు, వాళ్ల లైంగిక భాగస్వాములేనని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం చెబుతోంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో 95 శాతం మందికి ఆ సంగతి తెలియాలన్నది అందరూ ఒప్పుకున్న లక్ష్యం. 2023-24 నాటికి మన దేశంలో అది 81 శాతం దగ్గరుంది. మందులు మొదలుపెట్టి కొనసాగుతున్నవాళ్లలో వైరస్ అణగడం మాత్రం లక్ష్యాన్ని దాటేసింది. మందు పనిచేస్తోంది, పంపిణీ నడుస్తోంది. గొలుసు తెగుతున్నది మొదటి కొక్కెం దగ్గరే, మనిషి వేలు పరీక్షకు ముందుకు చాపే చోట.

గర్భిణుల సంగతి ఇక్కడ ఓసారి గుర్తుచేసుకోవాలి. ఊరి పీహెచ్‌సీకి వెళ్లిన గర్భిణికి హిమోగ్లోబిన్, షుగరు, రక్తం గ్రూపుతో పాటే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు. అవే కిట్లు. చాలాచోట్ల అదే ల్యాబ్ టెక్నీషియన్. అయినా అక్కడ జంకు చాలా తక్కువ, ఎందుకంటే ఆమె ఎందుకొచ్చిందో కడుపే చెబుతుంది. పది పరీక్షల్లో అదొకటి. సెక్స్ వర్కరుకో, ఒక హిజ్రాకో ఈ పరీక్ష అలా కలిసిపోదు. అక్కడికి వెళ్లడమే ఒక వాంగ్మూలం. రక్తం ఒకటే అయినా ఒకరికి అది పరీక్ష, ఇంకొకరికి బట్టబయలు కావడం. ఈ తేడాను పట్టించుకోని కార్యక్రమం ఎన్ని కరపత్రాలు పంచినా ఆ బెంచీ ఖాళీగానే ఉంటుంది.

ఈ భయం ఊహల్లోంచి పుట్టింది కాదు. దానికి చరిత్ర ఉంది. మన దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. డాక్టర్ సునీతి సోలొమన్ సలహాతో ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సెక్స్ వర్కర్ల రక్తం సేకరించి, వేలూరు సీఎంసీలో పరీక్ష చేయించారు. వైద్యచరిత్రలో అది గొప్ప ఘట్టం. వాళ్లిద్దరి పట్టుదల లేకపోతే దేశం మరెన్నాళ్లు కళ్లు మూసుకుని ఉండేదో. కానీ ఆ రక్తం ఇచ్చిన ఆడవాళ్లు పోలీసులు పట్టి తెచ్చి హోంలో ఉంచినవాళ్లు. అది ఏ పరీక్షో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మూడేళ్లకు గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేశాడు. అందులో వైరస్ కనబడిందని పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. పాడుబడ్డ టీబీ శానిటోరియంలో 64 రోజులు బంధించారు. అప్పటి గోవా చట్టం ప్రకారం అది సక్రమమే. శిక్ష ముగిసినా వైరస్ ఉందన్న కారణంతో తమిళనాట హోంలోనే ఉంచేసిన సెక్స్ వర్కర్లు బయటికి రావడానికి 1990లో మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది.

అంటే ఈ దేశంలో ముప్పు ఎక్కువున్న మనుషులకు హెచ్‌ఐవీ పరీక్ష మొదట పరిచయమైంది ఖాకీ బట్టల వెంబడి. ఆ జ్ఞాపకం ఒక తరం నుంచి ఇంకో తరానికి నోటిమాటగా చేరుతూనే ఉంది. ఈ రోజుల్లో కూడా పర్సులో కండోమ్‌లు దొరికితే పోలీసులు దాన్నే రుజువుగా పట్టుకుంటారని సెక్స్ వర్కర్లు చెబుతుంటారు. ఇరవై ఏళ్లు నిండని అమ్మాయికి కూడా ఈ భయం ఎక్కడిదని ఆశ్చర్యపోయేవాళ్లు ఆ కథలు ఒకసారి వినాలి.

మందుల సంగతి కూడా అంతే. సర్కారు ఉచితంగా హెచ్‌ఐవీని అణిచే ఏఆర్టీ మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు పదేళ్లపాటు మనం జనాన్ని పరీక్ష చేయించుకోమని అడిగాం. వైరస్ ఉందని తేలితే ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. అందరికీ తెలిసిన పులిరాజా ఎయిడ్స్ ప్రచార హోర్డింగులు తెలుగు నాట గోడలెక్కింది ఆ రోజుల చుట్టూనే. వ్యాధి పేరు ఇంటింటికీ చేర్చడంలో ఆ ప్రచారానికి సాటి లేదు. ఎయిడ్స్ అంటే చావు, ఎయిడ్స్ అంటే తప్పుడు తిరుగుళ్లు అన్న జంట కూడా అదే కాలంలో మనసుల్లో గట్టిపడింది. మందులు వచ్చాక కూడా మరో పదమూడేళ్లు ఒక మెలిక మిగిలింది. రోగనిరోధక శక్తిని చెప్పే సీడీ4 కణాలు ఒక గీత కిందికి పడితేనే మందు. మొదట్లో ఆ గీత 200. తర్వాత 350కి, ఆపైన 500కి పెంచుకుంటూ వచ్చారు. భయాన్ని దిగమింగుకుని పరీక్షకొచ్చి, వైరస్ ఉందని విన్న మనిషితో "మీకు సీడీ4 బాగానే ఉంది, ఆర్నెల్లయ్యాక రండి" అనేవాళ్లు. చేతిలో చెడ్డ కబురు తప్ప ఇంకేమీ లేకుండా ఇంటికి పంపడమే అది. చాలామంది మళ్లీ రాలేదు. 2017లో కానీ, వైరస్ ఉందని తేలిన అందరికీ వెంటనే మందు అన్న విధానం రాలేదు. ఆ మార్పు పరీక్షకు కొత్త అర్థం ఇచ్చింది. మందు సక్రమంగా వాడి వైరస్ కనబడని స్థాయికి తగ్గినవాళ్ల నుంచి లైంగికంగా ఇంకొకరికి అది సోకదు. ఈ ఒక్క మాట గదిలో అడుగుపెట్టకముందే మనిషి చెవిన పడాలి. ఇప్పటికీ చాలామందికి గది బయటకొచ్చాక కూడా పడటం లేదు.

2012-13లో మన దేశంలోని పలు నగరాల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. పురుషులతో సంబంధాలున్న పురుషులు పన్నెండు వేల మంది, సూదితో మత్తు తీసుకునేవాళ్లు పద్నాలుగు వేల మంది పైచిలుకు అందులో పాల్గొన్నారు. వైరస్ ఉన్నట్టు తేలిన పురుషుల్లో ఆ సంగతి అప్పటికే తెలిసినవాళ్లు 30 శాతమే. సూదివాడకం ఉన్నవాళ్లలో 41 శాతం. మందుతో వైరస్ అణిగినవాళ్లు మొదటి వర్గంలో పదిలో ఒక్కరు. పైనుంచి కిందికి ప్రతి మెట్టు దగ్గరా మనుషులు జారిపోయారు, కానీ అన్నిటికన్నా పెద్ద జారుడు మొదటి మెట్టు మీదే. ఇది కార్యక్రమం అప్పుడే మొదలైన రోజుల మాట కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) పుట్టి అప్పటికే ఇరవై ఏళ్లు. 2003లో మొదలైన గేట్స్ ఫౌండేషన్ వారి అవాహన్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో పనిచేసి దాదాపు పదేళ్లు. అవాహన్ దృష్టి ప్రధానంగా కండోమ్‌ల మీద, సుఖవ్యాధుల చికిత్స మీద ఉండేది. ఆ పని గొప్పగా జరిగింది, సెక్స్ వర్కర్లలో వైరస్ తగ్గడానికి తోడ్పడింది. పరీక్ష మాత్రం ఎక్కడో సర్కారు ఆసుపత్రి గదికి పంపే చీటీగా మిగిలిపోయింది.

రాకపోవడానికి కారణాలు ఒక్కో వర్గానికి ఒక్కోలా ఉంటాయి. సెక్స్ వర్కరుకు అది సగం రోజు సంపాదన, పిల్లాణ్ని ఎవరికి అప్పగించాలన్న సమస్య, పైగా ఫలితం పొక్కితే గిరాకీలు పోతారన్న బెంగ. వాళ్లు రాత్రంతా మేలుకుంటే ఐసీటీసీ తెరిచేది పొద్దుట. హిజ్రాకు కష్టం ఓపీ కిటికీ దగ్గరే మొదలవుతుంది: ఆడవాళ్ల వరసా, మగవాళ్ల వరసా? చీటీ మీద పాత పేరు గట్టిగా పిలుస్తారు, వరండా మొత్తం తిరిగి చూస్తుంది. ఆ తర్వాత కౌన్సెలర్ ఎంత మంచిదైనా నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్ల కష్టం ఇంకోలాంటిది, బహుశా అన్నిటికన్నా మౌనమైనది. ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక పెద్ద సర్వేలో ఇలాంటి వాళ్లలో పదిలో నలుగురికి పైగా పెళ్లయినవాళ్లు. మన దగ్గర పెళ్లి ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు కదా, వయసొస్తే జరిగిపోతుంది. అలాంటి మనిషికి పరీక్ష ఒక వైరస్ గురించిన ప్రశ్నగా ఉండదు. భార్యకు ఏం చెప్పాలి, అత్తవారికి ఏం చెప్పాలి, ఎలా వచ్చిందంటే ఏమని చెప్పాలి? "తెలియకపోతే ఇంట్లో అంతా బాగుంటుంది" అన్న ఆలోచన మూర్ఖత్వంలా కనబడవచ్చు. నాకలా అనిపించదు. ఆ మనిషి ముందున్న రెండు దారుల్లో ఒకదాని చివర ఏముందో మనం అతనికి ఎప్పుడూ చూపించలేదు. స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ 377వ సెక్షన్‌పై సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది. దానికి నాలుగు రోజుల తర్వాత, హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం అమల్లోకి వచ్చింది. తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని, ఉద్యోగంలో, వైద్యంలో వివక్ష చూపకూడదని ఆ చట్టం చెబుతుంది. రెండూ ఒకే వారంలో వచ్చాయని కార్యక్రమంలో పనిచేసేవాళ్లకైనా ఎంతమందికి గుర్తుందో. ఆపరేషన్‌కి ముందు అడక్కుండా హెచ్‌ఐవీ పరీక్ష చేసి, వైరస్ ఉందని తేలగానే "మా దగ్గర సౌకర్యాలు లేవు, వేరే చోటికి వెళ్లండి" అనే అలవాటు ఇంకా పోలేదు.

అడక్కుండా చేసే పరీక్ష ఏం నేర్పుతుందో కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ఊళ్లలో గల్ఫ్‌కి వెళ్లివచ్చిన ఎవరినైనా అడగొచ్చు. వీసాకు ముందు మెడికల్, అందులో హెచ్‌ఐవీ. ఉంటే "అన్‌ఫిట్". ఆ ఒక్క మాట తప్ప ఎవరూ వివరంగా చెప్పరు. అప్పుచేసి ఏజెంటుకు డబ్బు కట్టిన కుర్రాడికి పరీక్ష అంటే బతుకు మీద తలుపు మూసేసేది అని అక్కడే ముద్రపడుతుంది. ఇలా బలవంతంగా చేసే ప్రతి పరీక్షా రేపు ఇష్టంతో రావాల్సిన ఇంకొకణ్ని దూరం తరిమేస్తుందని నా నమ్మకం.

మరి ఏం పనిచేసింది?

వరండాలోంచి వెళ్లిపోయిన ఆమె దగ్గరికే మళ్లీ వెళ్దాం. పది రోజుల తర్వాత నోటుబుక్కు ఆమెతో పాటు ఊరి చివర ఒక రెండు గదుల ఇంటికి వెళ్లాను. ముందు గదిలో కుట్టుమిషను, జాకెట్టు ముక్కలు. నలుగురు ఆడవాళ్లు చాపమీద కూర్చుని టీ తాగుతున్నారు. ఎవరైనా తలుపు తోసుకొచ్చినా కొలతలిచ్చేందుకు వచ్చారనుకుంటారు. సంస్థ నుంచి వచ్చిన కార్యకర్త సంచిలోంచి చిన్న రేకు పొట్లం తీసింది. అందులో బొటనవేలంత ప్లాస్టిక్ పలక. ముందు మాటలు, ఆ తర్వాత సమ్మతి సంతకం. ఉంగరపు వేలి కొస స్పిరిట్ దూదితో తుడిచి, లాన్సెట్‌తో టిక్కుమని గుచ్చి, ఒక చుక్క రక్తం గుంటలో, దానిమీద రెండు చుక్కల ద్రావకం. ఇరవై నిమిషాలు. ఒక గీత వస్తే నాన్ రియాక్టివ్, రెండొస్తే రియాక్టివ్. రియాక్టివ్ వచ్చినంత మాత్రాన వైరస్ ఉన్నట్టు కాదు. ఐసీటీసీలో మూడు వేర్వేరు రకాల కిట్లతో నిర్ధారించాకే ఆ మాట చెబుతారు. కొత్తగా సోకిన వైరస్ ఈ కిట్లకు దొరకడానికి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పట్టవచ్చు కాబట్టి మళ్లీ పరీక్ష అవసరం. ఇదంతా కార్యకర్త చెబుతుంటే, ఆవేళ కొంగు లాక్కుని పారిపోయినామె చెయ్యి చాచి కూర్చుని పక్కామెతో చీర రంగు గురించి మాట్లాడుతోంది. పది రోజుల్లో ఆమెలో అవగాహనేమీ పెరగలేదు. మారింది చోటు, గుచ్చే చెయ్యి.

ఇలా సముదాయంలోకి వెళ్లి చేసే ప్రాథమిక పరీక్షలు నాకో ఇప్పుడు చాలాచోట్ల చేయిస్తోంది. దీనికి దగ్గరి పోలికలు ఆఫ్రికాలో జరిగిన ప్రయోగాల్లో దొరుకుతాయి. ఉగాండా రాజధాని కంపాలాలో సెక్స్ వర్కర్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు స్వయంగా పరీక్షించుకునే కిట్టును పీర్లే తెచ్చి చేతిలో పెట్టారు. ఇంకో గుంపుకు, ఆరోగ్యకేంద్రానికి వెళ్లి కిట్టు తెచ్చుకోమని కూపన్ ఇచ్చారు. మూడో గుంపుకు మామూలుగా కేంద్రానికి వెళ్లమని చెప్పారు. నెలలోగా పరీక్ష చేసుకున్నవాళ్లు మొదటి గుంపులో దాదాపు 95 శాతం, రెండో దాంట్లో 80, మూడో దాంట్లో 72 దాకా. జాంబియాలో ఇదే ప్రయోగం చేస్తే తేడా అంతగా కనబడలేదు. పీర్లు కేంద్రానికి వెళ్లమని చెప్పిన మామూలు గుంపులోనే 88 శాతం దాకా పరీక్ష చేయించుకున్నారు. కూపన్ గుంపు దానికన్నా కాస్త వెనకబడింది కూడా. ఈ రెండింటినీ కలిపి చదివితే నాకు తట్టేది ఒకటే. గొప్పతనం కిట్టులో కన్నా దాన్ని తెచ్చిన మనిషిలో ఎక్కువ. కూపన్ అంటే మళ్లీ ఆ వరండాకు నడవమనడమే కదా.

మగవాళ్ల విషయంలో స్వీయ పరీక్ష ఫలితం మరింత స్పష్టం. ఆస్ట్రేలియాలో స్వలింగ సంపర్కులైన పురుషులకు ఇంటికి కిట్లు ఇస్తే ఏడాదికి సగటున రెండు పరీక్షలు కాస్తా నాలుగయ్యాయి. అరుదుగా వచ్చేవాళ్లలో పెరుగుదల ఇంకా ఎక్కువ. అమెరికాలో పోస్టులో కిట్లు పంపిన ప్రయోగంలో, ఏడాదిలో మూడుసార్లో అంతకన్నా ఎక్కువసార్లో పరీక్షించుకున్నవాళ్లు 77 శాతం. కిట్లు అందని గుంపులో 22 శాతమే. భార్యకు చెప్పలేని మనిషికి గడియ పెట్టుకున్న గదిలో ఇరవై నిమిషాలు దొరకడం చిన్న విషయం కాదు. మలావీ పల్లెల్లో 2004 ప్రాంతంలో జరిగిన ఇంకో ప్రయోగం ఉంది. పరీక్ష ఫలితం తెలుసుకోవడానికి కేంద్రానికి వచ్చినవాళ్లు 34 శాతం. వచ్చినవాళ్లకు కూలి డబ్బుల్లో చిన్న భాగమంత ఇచ్చినా ఆ సంఖ్య రెట్టింపయింది. కేంద్రం ఎంత దూరముంటే అంత మంది తగ్గారు. డబ్బిచ్చి పరీక్ష చేయించడమేమిటని మన దగ్గర నొచ్చుకునేవాళ్లున్నారు. పోగొట్టుకున్న పూట కూలి తిరిగిస్తే నొచ్చుకోవలసిందేమీ నాకు కనబడదు.

మన దేశంలో జరిగిన ప్రయోగాల్లో నేను ఎక్కువసార్లు తిరిగి చదివింది 22 నగరాల అధ్యయనం. సగం నగరాల్లో, పురుషులతో సంబంధాలున్న పురుషులకు, సూదివాడకం ఉన్నవాళ్లకు పరీక్ష, సుఖవ్యాధుల చికిత్స, కండోమ్, కౌన్సెలింగ్ అన్నీ ఒకే కప్పు కింద దొరికే స్నేహపూర్వక కేంద్రాలు పెట్టారు. మిగతా సగం నగరాల్లో పాత పద్ధతే. రెండేళ్లకు చూస్తే, కేంద్రాలున్న నగరాల్లో గత ఏడాదిలో పరీక్ష చేయించుకున్నవాళ్లు మూడో వంతు దాకా ఎక్కువ కనబడ్డారు కానీ, అది యాదృచ్ఛికం కాదని చెప్పేంత బలమైన తేడా కాలేదు. ఇక్కడితో ఆగితే ప్రయోగం విఫలమైందంటారు. కానీ ఆ కేంద్రానికి ఒక్కసారైనా వెళ్లినవాళ్లను వెళ్లనివాళ్లతో పోలిస్తే పరీక్ష చేయించుకున్నవాళ్లు దాదాపు మూడున్నర రెట్లు. అక్కడికి వెళ్లే మనసున్నవాళ్లు ఎలాగూ పరీక్షకు ముందుండేవాళ్లే కావచ్చు కనుక ఆ అంకెను జాగ్రత్తగా తీసుకోవాలి. అయినా అది చెబుతున్నది స్పష్టంగానే ఉంది. తలుపు బాగుంది. చాలామంది ఆ తలుపు దాకా రాలేదు. ఒక పెద్ద నగరానికి ఒక కేంద్రం సరిపోదు.

ఇక లెక్కల సంగతి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. మన కార్యక్రమంలో పేరు నమోదైన ప్రతి మనిషికీ ఆరు నెలలకోసారి పరీక్ష జరగాలి. నోటుబుక్కు ఆమె దగ్గర యాభై అరవై మంది పేర్లుంటాయి. నెల నెలా సమావేశంలో ఎన్ని పరీక్షలు అని అడుగుతారు. ఆమె ఏం చేస్తుంది? పిలిస్తే వచ్చేవాళ్లనే మళ్లీ పిలుస్తుంది. అలా వచ్చేవాళ్లు వైరస్ లేదని ఐదారుసార్లు తేలినవాళ్లు, కండోమ్ లేనిదే ఒప్పుకోనివాళ్లు. లక్ష్యం అందుతుంది, పట్టిక నిండుతుంది. జీవితంలో ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోని పద్దెనిమిదేళ్ల కొత్త పిల్ల ఆ పట్టికలో ఏ గడిలోనూ ఉండదు. పరీక్షల సంఖ్య పెరగడం, పరీక్ష అందిన మనుషుల సంఖ్య పెరగడం రెండూ వేర్వేరు. జిల్లా సమీక్షల్లో "ఇందులో మొదటిసారి వచ్చినవాళ్లు ఎందరు?" అన్న ప్రశ్న ముందు అడిగితే పీర్ల కాళ్లు వేరే వీధుల వైపు నడుస్తాయి. పీర్లకిచ్చే గౌరవ వేతనం ఎంత కొద్దో, అదీ ఎన్ని నెలలు ఆలస్యంగా వస్తుందో వాళ్ల నోట విన్నాను. కార్యక్రమం మొత్తం ఆ భుజాన ఉన్న గుడ్డసంచి మీద నిలబడి ఉందన్న సంగతి తెలిసినవాళ్లు ఆ డబ్బు ఆపరు.

వైరస్ ఉన్నవాళ్ల భాగస్వాములను పరీక్షకు పిలిచే పద్ధతి ఇప్పుడు ఊపందుకుంది. తక్కువ పరీక్షలతో ఎక్కువమందిని గుర్తించగల దారి అది. కానీ "నీతో ఎవరెవరు ఉన్నారు?" అని అడగడం, పోలీసు స్టేషన్‌లో అదే ప్రశ్న విన్న మనిషికి ఎలా వినబడుతుంది? భర్తకు తెలిస్తే కొడతాడా అని ముందు కనుక్కోకుండా పేర్లు రాసుకుంటే చట్టం రాసిన గోప్యతకు అర్థం ఉండదు. నెగెటివ్ వచ్చినవాళ్లకు చేతిలో పెట్టడానికి ఏదైనా ఉండాలి కూడా. ముందుజాగ్రత్తగా వేసుకునే ప్రెప్ మాత్రకు నాకో 2022లో మార్గదర్శకాలిచ్చింది. అది ఇంకా ఎక్కువమందికి అందలేదు. ఏమీ ఇవ్వకుండా ఆర్నెల్లకోసారి వేలు చాపమంటే ఎవరికైనా విసుగొస్తుంది.

హైదరాబాద్ నారాయణగూడలో 2021 జనవరిలో మిత్ర్ క్లినిక్ మొదలైంది. దేశంలో ట్రాన్స్‌జెండర్ల కోసం పెట్టిన మొదటి క్లినిక్ అది. అక్కడ డాక్టరు, కౌన్సెలరు, గుమ్మం దగ్గర పలకరించే మనిషి, ఎక్కువమంది ఆ సముదాయం వాళ్లే. హార్మోన్ల సలహా, చర్మ చికిత్స, మానసిక ఆరోగ్యం కోసం వచ్చినవాళ్లకు హెచ్‌ఐవీ పరీక్ష కూడా అక్కడే దొరికేది. గర్భిణికి పీహెచ్‌సీలో దొరికిన ఆ సౌలభ్యమే వీళ్లకు మొదటిసారి దొరికింది. పది పనుల్లో ఇదొక పని అయింది. కానీ ఆ క్లినిక్ అమెరికా సాయంతో నడిచేది. 2025 జనవరిలో అక్కడి కొత్త ప్రభుత్వం విదేశీ సాయాన్ని ఆపేయగానే మూతపడింది. ఆ తర్వాత టాటా ట్రస్టుల అండతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. తెరుచుకుంది కాబట్టి సంతోషమే. కానీ పేరు పెట్టి పలకరించే చోటు అలవాటైన మనిషికి ఒకరోజు తాళం కనబడితే, తెగిన నమ్మకం మళ్లీ అతకడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఇలాంటి గుమ్మాలు విదేశీ దాతల మీద కాక మన రాష్ట్ర బడ్జెట్ల మీద నిలబడాలి. ఇప్పటికీ హెచ్‌ఐవీ భారం ఎక్కువున్న రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఖర్చు పెద్దదేమీ కాదు.

ఈలోగా మనుషులు మరో చోటికి తరలిపోయారు. బస్టాండ్ వెనక సందు, లాడ్జీ, హైవే పక్క ధాబా అని పీర్లు గీసుకున్న పటంలో ఇప్పుడు సగం బిందువులు చెరిగిపోయాయి. బేరాలు ఫోన్లో, పరిచయాలు యాప్‌లలో. అలాంటి కుర్రాళ్లకు పీర్ ఎవరో తెలియదు, ఐసీటీసీ ఎక్కడుందో తెలియదు. వాళ్లు పరీక్ష చేయించుకోవడం లేదని కాదు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ప్రైవేటు ల్యాబ్‌లో డబ్బు కట్టి, ఫుల్ బాడీ ప్యాకేజీలో భాగంగా చేయించుకుంటున్నారు. ఐటీ ఉద్యోగం చేసే ఒక యువకుడు తన ఫోనులో ఆ రిపోర్టు నాకు చూపించాడు. రాత్రి పదకొండున్నరకు వాట్సాప్‌లో వచ్చింది. కొలెస్టరాల్, థైరాయిడ్, విటమిన్ డి తర్వాత ఏడో పేజీలో ముద్ద అక్షరాల్లో "రియాక్టివ్" అని ఒక్క మాట. దానికి ముందు అతనితో ఎవరూ మాట్లాడలేదు, తర్వాతా మాట్లాడలేదు. ఐసీటీసీలో మూడు రకాల కిట్లతో నిర్ధారించాలనీ, మందు ఉచితమనీ అతనికి తెలియడానికి పదకొండు రోజులు పట్టింది. పదకొండు రోజులూ హాస్టల్ గదిలోంచి బయటికి రాలేదన్నాడు. పేజీని కిందిదాకా జరిపి చూశాను. ల్యాబ్ చిరునామా ఉంది, డిస్కౌంట్ కూపన్ కోడ్ ఉంది. ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయగల హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 అన్న నాలుగంకెల నంబరు లేదు.